నాన్న స్నానానికి నలభై నిమిషాలు

పొద్దున్న ఎనిమిదింటికి నాన్న బాత్రూంలోకి వెళ్తాడు. ఎనిమిదీ నలభైకి బయటికొస్తాడు. ఆ నలభై నిమిషాలూ నేను వంటింట్లో ఏదో సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు మాత్రం అటే పెట్టుకుంటాను. బకెట్లో చెంబు మునిగిన చప్పుడు, నీళ్ళు ఒంటి మీద పడ్డ చప్పుడు, మధ్యలో "సింహాద్రి అప్పన్నా" అని ఒక కేక. తర్వాత కాసేపు ఏమీ వినిపించదు. సబ్బు రాసుకుంటున్నాడన్నమాట. ఆ నిశ్శబ్దం రెండు నిమిషాలు దాటితే నాకు టెన్షన్. తలుపు దగ్గరికి వెళ్ళి కావాలని ఒక గిన్నె చప్పుడయ్యేలా కింద పెడతాను. "ఏటమ్మా, బతికే ఉన్నాన్లే" అని లోపల్నుంచి వినిపిస్తుంది.

ఈ డిసెంబరుకి ఆయనకు 92 నిండుతాయి. 1933లో పుట్టాడు. విశాఖ ఓడరేవు మొదలైందీ ఆ ఏడాదే. అందుకని ఎవరైనా వయసు అడిగితే "పోర్టూ నేనూ ఒక ఈడువాళ్ళం" అంటాడు. "దానికి ప్రతి ఏడూ పూడిక తీస్తారు, నాకే తీసేవాడు లేడు" అని కూడా కలుపుతాడు. షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక మల్కాపురం ఇల్లు అద్దెకిచ్చేసి అక్కయ్యపాలెంలో మా ఫ్లాటుకి తీసుకొచ్చాను. కూతురింట్లో ఉండడమేమిటని మొదటి ఏడాదంతా సణిగాడు. ఇప్పుడు సణగడానికి వేరే విషయాలు దొరికాయి.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికీ నాకూ ఈ స్నానం గురించే గొడవ. "అక్కా, తొంభై దాటిన మనిషిని ఒక్కణ్ణే బాత్రూంలోకి ఎలా పంపుతున్నావు? పట్టుకుని చేయించడానికి ఒక మనిషిని పెట్టు. డబ్బు నేను పంపిస్తాను" అంటాడు. వాడి ప్రేమను నేను తప్పు పట్టను. డబ్బు పంపుతానంటే నిజంగానే పంపుతాడు కూడా. అయినా మూడేళ్ళుగా వద్దనే చెబుతున్నాను. ఎందుకు వద్దంటున్నానో ఫోన్లో చెప్పాలంటే ప్రతిసారీ సగంలోనే కోపాలొచ్చేస్తున్నాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వాడూ చదువుతాడు.

మూడేళ్ళ కిందట, మే నెల. మన వైజాగ్ మే ఎలా ఉంటుందో తెలుసు కదా, ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ. కూర్చున్న చోటే చొక్కా తడిసిపోతుంది. అప్పటికి నాన్న బీపీకి రెండు మాత్రలు వేసుకునేవాడు. అందులో ఒకటి ఒంట్లో నీరు లాగేసే రకం. బీపీ అన్నారు కదా అని నేను కూరల్లో ఉప్పు బాగా తగ్గించేశాను. ఆవకాయ సీసా అటక మీద పెట్టాను. ఆ చప్పిడి కూడు సయించక ఆయన తినడమే తగ్గించాడు. పెద్ద వయసులో దాహం కూడా సరిగ్గా తెలియదట. అడిగితే తప్ప నీళ్ళు తాగేవాడు కాదు. ఒకరోజు మధ్యాహ్నం నన్ను వాళ్ళ చెల్లెలి పేరు పెట్టి పిలిచాడు. సాయంత్రానికి, విమానాలొస్తున్నాయి, ఊరెళ్ళిపోదాం, బండి కట్టించమన్నాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖ మీద బాంబులేసినప్పుడు ఆయనకు ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ పిల్లల్ని తీసుకుని పల్లెకు పరిగెత్తింది. ఎనభై ఏళ్ళ తర్వాత ఆ బండి మా ఫ్లాటు ముందుకొచ్చి ఆగింది.

ఇంటికొచ్చిన చుట్టాలందరూ ఒకే మాట. "పెద్ద వయసు కదమ్మా, మతి తప్పింది, ఇక ఇంతే." మొదట తీసుకెళ్ళిన చోట డాక్టరు కూడా సుమారుగా అదే అన్నాడు. రెండో చోట రక్తం తీసి చూస్తే సోడియం, అంటే ఒంట్లో ఉప్పు, 117 ఉంది. ఉండాల్సింది 135 నుంచి 145. అంటే మతి ఎక్కడికీ పోలేదు. ఉప్పు పోయింది, అదీ నా చేతుల మీదుగానే. పోయిన ఉప్పును గబగబా ఎక్కించేయకూడదట, మెదడుకు దెబ్బ తగులుతుందట. అందుకని కొంచెం కొంచెంగా ఎక్కించారు. నాలుగో రోజు పొద్దున్న నర్సుతో కాఫీలో పంచదార లేదని దెబ్బలాడుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడిదాకా కథ సుఖాంతమే. అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. మొత్తం తొమ్మిది రోజులు మంచం మీద ఉంచారు. పడిపోతాడని దించనివ్వలేదు. మూత్రానికి గొట్టం. తిండి నేను తినిపించాను. ఇంటికి తెచ్చిన రోజు ఆయన లేచి నిలబడలేకపోయాడు. నడిచి ఆసుపత్రికి వెళ్ళిన మనిషిని వీల్‌చెయిర్‌లో తెచ్చుకున్నాం. అమెరికాలో ఒక చిన్న ప్రయోగం చేసి 2007లో ఫలితాలు అచ్చు వేశారు. ఏ జబ్బూ లేని పన్నెండు మంది పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, సగటున ఒక్కొక్కరికీ కాళ్ళలోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. వాళ్ళ సగటు వయసు అరవై ఏడు. 88 ఏళ్ళ మనిషి దగ్గర కరగడానికి మాత్రం ఎంత ఉంటుంది?

ఆ తర్వాత రెండు నెలలు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చాలా బాగా చూసుకున్నాను. మంచం దగ్గరే స్నానం, మంచం దగ్గరే కంచం, గుండీలు నేనే పెట్టేదాన్ని. మంచినీళ్ళ గ్లాసు కూడా నోటికందించేదాన్ని. వచ్చినవాళ్ళు "ఎంత అదృష్టవంతుడండీ, కూతురంటే ఇలా ఉండాలి" అంటుంటే లోపల్లోపల పొంగిపోయేదాన్ని కూడా. ఆయన మాత్రం గోడకేసి తిరిగి పడుకునేవాడు. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, అంటే 2014 అక్టోబరులో, ఇదే మనిషి 80 ఏళ్ళ వయసులో ట్యాంకరు దగ్గర క్యూలో నిలబడి, కరెంటు లేక లిఫ్టు ఆగిపోతే చేతిలో బకెట్టుతో మా రెండంతస్తులూ ఎక్కొచ్చాడు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి గ్లాసు ఎత్తనివ్వని స్థితికి వచ్చామంటే, అందులో వయసు వాటా ఎంత, నా వాటా ఎంత?

ఒకరోజు ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ కుర్రాడు నాన్నతో పాతికేళ్ళ చనువున్నట్టు మాట్లాడుతూ, రిపోర్టుల ఫైలు ముట్టుకోకుండా నన్ను కొన్ని ప్రశ్నలు వేశాడు. తాతగారు సొంతంగా స్నానం చేస్తారా? బట్టలు వేసుకుంటారా? మరుగుదొడ్డికి వెళ్ళొస్తారా? మంచం మీంచి కుర్చీలోకి మారగలరా? ఒంటికీ రెంటికీ ఆపుకోగలరా? తన చేత్తో తింటారా? ఇదేం ప్రశ్నాపత్రం అనుకున్నాను. అమెరికాలో కాట్జ్ అనే డాక్టరు, ఆయన బృందం 1963లో అచ్చు వేసిన కొలమానమట. అంతకంటే వివరంగా, పది అంశాలకు వంద మార్కులతో బార్తెల్ సూచిక అని 1965లో ఇంకొకటి వచ్చింది. నాన్నకు ఆ రోజు వందకు ముప్ఫై అయిదు. ఏళ్ళ తరబడి పెంచిన ఆ లావుపాటి ఫైల్లో షుగరుంది, క్రియాటినిన్ ఉంది, గుండె స్కానింగ్ ఉంది. ఈ ఆరు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు.

కాట్జ్ ఇంకో విషయం గమనించాడు. ఈ ఆరు పనులూ మనిషి చేయి దాటిపోవడంలో ఒక వరస ఉందట. సాధారణంగా మొదట పోయేది స్నానం. చిట్టచివర పోయేది తినడం. కోలుకునేటప్పుడు ఆ వరస తిరగబడుతుంది. పసిపిల్లలు నేర్చుకునే తీరులోనే, ముందు తిండి, చివరికి స్నానం. అందుకే తమ్ముడూ, ఆ బాత్రూం తలుపు దగ్గర నేనంత మొండిగా ఉన్నాను. ఆ మెట్టు ఒక్కటీ దిగిపోతే మిగతావి ఎంత దూరమో ఆసుపత్రి నుంచి తెచ్చిన ఆ రెండు నెలల్లో చూశాను. వంద మగ్గుల నీళ్ళు నేను పోయగలను. ఆయన కాళ్ళకూ చేతులకూ అది పనికిరాదు.

ఇంగ్లండులో న్యూకాజిల్ ఊళ్ళో 2006లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. 1921లో పుట్టి అప్పటికి 85కి వచ్చినవాళ్ళను ఎనిమిది వందల మందికి పైగా ఇళ్ళకు వెళ్ళి పరీక్షించారు. ఏ జబ్బూ లేని మనిషి ఒక్కరూ దొరకలేదు. సగటున నాలుగైదు జబ్బులున్నాయి. అయినా, మీ ఈడువాళ్ళతో పోలిస్తే మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, పదిమందిలో దాదాపు ఎనిమిది మంది బాగుందనో, చాలా బాగుందనో అన్నారు. మనకు ఇది చదివితే వింతగా ఉంటుంది కానీ నాన్ననడిగితే ఆయనదీ అదే జవాబు. బీపీ, షుగరు, ప్రోస్టేటు, ఒక చెవి, రెండు మోకాళ్ళు. "బానే ఉన్నాను, నాకేటి?" అంటాడు. ఆయన లెక్కలో బాగుండటమంటే పొద్దున్నే సొంతంగా గడ్డం గీసుకోవడం, పేపరు చదవడం, వీధి గేటు దాకా వెళ్ళి ఎవరితోనైనా బేరమాడటం. నా లెక్కలో బాగుండటం అప్పటిదాకా రిపోర్టులో, తేడా ఉన్న అంకె పక్కన పెట్టే స్టార్ గుర్తు లేకపోవడం.

కోలుకోవడానికి అయిదు నెలలు పట్టింది. చేసిందల్లా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. మొదట ప్లాస్టిక్ కుర్చీతో ప్రయత్నించి జారిపోయాం. తర్వాత చేతులున్న పాత టేకు కుర్చీ మల్కాపురం ఇంట్లోంచి తెప్పించి, కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచాం. మొదటి వారం రెండుసార్లు లేవడానికే ఆయాసం. తర్వాత అయిదు, ఆ తర్వాత పది. దిమ్మలు ఒక్కొక్కటే తీసేశాం. ఈ వయసులో కండ రాదని మా చుట్టాలొకాయన తేల్చేశాడు. 1990లోనే బోస్టన్‌లో ఫియాటరోన్ అనే డాక్టరు వృద్ధాశ్రమంలో ఉన్న, తొంభై దగ్గర పడ్డ పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తించింది. చివరిదాకా చేసినవాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే దాదాపు రెండు ముప్పావు రెట్లయింది.

కండ రావాలంటే తిండి కావాలి కదా, అక్కడ ఇంకో ముడి. నాన్న అప్పటికి కొన్నాళ్ళుగా మూడు పూటలా మెత్తగా పిసికిన పెరుగన్నమే తింటున్నాడు. అరగడం లేదు కాబోలనుకున్నాం. తీరా చూస్తే కట్టుడు పళ్ళు వదులై చిగురు ఒరుసుకుపోతోంది. వాటిని డబ్బాలో పెట్టేసి మాట్లాడకుండా ఊరుకున్నాడు. పళ్ళు లేవు కాబట్టి చేప లేదు, గుడ్డు లేదు, పప్పు కూడా పల్చటి చారే. అలాంటప్పుడు కండ ఎక్కడి నుంచి వస్తుంది? పెద్ద వయసులో ఒంటి బరువు కిలోకి ఒక గ్రాము, వీలైతే కాస్త ఎక్కువే ప్రోటీను కావాలంటారు. కిడ్నీ జబ్బుంటే డాక్టరు చెప్పిన లెక్క వేరు. పళ్ళ సెట్టు కొత్తది కట్టించడంతో ఆయన కాళ్ళకు బలం వచ్చిందని చెబితే ఎవరూ నమ్మరు.

మాత్రల సంగతి క్లుప్తంగా చెబుతాను. రోజుకు పదకొండు ఉండేవి. ఒక్కో స్పెషలిస్టు ఒక్కోటి చేర్చాడు. తీసేవాడే లేడు. ప్రోస్టేటు మాత్రకు లేచి నిలబడగానే బీపీ పడిపోయే గుణం ఉంది. నిద్రమాత్రతో తూలు. షుగరును మరీ కట్టడి చేస్తే రాత్రిళ్ళు అది పడిపోయే ప్రమాదం. 90 దగ్గర అది పెరగడం కంటే పడిపోవడమే భయంకరం. మొత్తం సంచీ ఒక జనరల్ డాక్టరు ముందు బోర్లించాను. ఆయన కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. నిలబడగానే పై అంకె ముప్ఫై తగ్గింది. ఇరవై తగ్గితేనే జాగ్రత్త పడాలట. నెల రోజుల్లో నెమ్మదిగా ఆరుకు తెచ్చాడు. నిద్రమాత్ర ఆపడానికే ఎక్కువ వారాలు పట్టింది. దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా మానిపించకండి. సంచీ పట్టుకెళ్ళి అడగండి, అంతే. ఆవకాయ కూడా అటక దిగింది, రోజుకో చిన్న ముక్క.

ఇప్పుడు మా తమ్ముడి దగ్గరున్న బలమైన వాదనకు వస్తాను. నాన్న పడ్డాడు. నిరుడు శ్రావణంలో, తెల్లవారుజామున, బాత్రూం గుమ్మం దగ్గర. అదృష్టం బాగుండి మణికట్టు బెణికింది, మోచెయ్యి గీరుకుంది. తుంటి ఎముక విరిగి ఉంటే ఈ వ్యాసమే వేరేలా ఉండేది. ఆ వయసులో తుంటి విరిగినవాళ్ళలో చాలామంది మళ్ళీ మునుపటిలా నడవరని నాకూ తెలుసు. తమ్ముడు ఆ రోజు ఫోన్లో అన్నమాట ఇంకా గుచ్చుకుంటోంది. "నీ సిద్ధాంతాలకి నాన్నని బలిపెడతావా?"

రెండు రాత్రులు నిద్రపట్టలేదు. తర్వాత టార్చిలైటు పట్టుకుని, ఆయన నడిచిన దారి నేను నడిచాను. మంచం నుంచి బాత్రూంకి పదకొండు అడుగులు. స్విచ్చి తలుపు అవతల ఉంది. గుమ్మం దగ్గర మూడంగుళాల మెట్టు, అదీ నేల రంగులోనే. లోపల అద్దంలా మెరిసే టైల్స్, ఫ్లాటు కొన్నప్పుడు నేనే ముచ్చటపడి వేయించినవి. పంచె అంచు కింద వేలాడుతోంది. హవాయి చెప్పుల అడుగు అరిగి నున్నగా ఉంది. ఆఖరున కాలి గోళ్ళు చూశాను. వంగలేక ఆయన కత్తిరించుకోలేదు, సిగ్గుపడి నన్నడగలేదు, నేనూ చూడలేదు. బొటనవేలి గోరు ఒంకర తిరిగి పక్కవేల్లోకి దిగింది. ఆ నొప్పికి పాదం పూర్తిగా ఆనించడం మానేశాడు. పడిన మనిషిని నడవనివ్వకుండా ఆపేస్తే గోరు తగ్గదు, మెట్టు తగ్గదు, కాళ్ళు మాత్రం ఇంకా సన్నబడతాయి. ఆ వారంలోనే మెట్టుకు వాలు కట్టించి పసుపు రంగు పూశాం. గరుకు టైల్స్ వేయించాం. గోడకు రెండు పట్టుకునే రాడ్లు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు, పంచె బదులు పైజమా. స్నానానికి నాలుగు కాళ్ళ స్టూలు. తలుపు గొళ్ళెం తీసేశాం. ఈ ఒక్కదానికే ఆయన పెద్ద గొడవ చేశాడు.

మళ్ళీ పడడా? పడొచ్చు. ఆ భయం నాకు లేదని తమ్ముడు అనుకుంటున్నాడేమో. ఎనిమిదీ నలభై దాకా నేను ఊపిరి బిగపట్టుకునే ఉంటాను రా. పట్టుకుని చేయించే మనిషి అవసరమయ్యే రోజు కూడా వస్తుంది. వచ్చినప్పుడు పెడదాం. రాకముందే ఆ రోజును మనం తెచ్చిపెట్టొద్దనే నేనంటున్నాను.

ప్రభుత్వాలు చేస్తున్నది తీసిపారేయను. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 అయింది, ఒకటో తారీకున గుమ్మంలోకి వస్తోంది. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం, ఆదాయంతో పని లేకుండా, 70 దాటినవాళ్ళందరికీ ఏడాదికి 5 లక్షల దాకా చికిత్సకు వయో వందన కార్డు తెచ్చింది. కానీ అది ఆసుపత్రిలో చేర్చితేనే పలుకుతుంది. గోళ్ళు తీయించడానికి, చెవిలో గులిమి తీయించడానికి, కట్టుడు పళ్ళకి, కుర్చీలోంచి లేపించే కుర్రాడికి, గుమ్మానికి వాలు కట్టే మేస్త్రీకి కార్డు లేదు. తుంటి విరిగాక లక్షలిస్తారు, విరగకుండా ఉండే గరుకు టైల్స్‌కి రూపాయి రాదు. ఇంకో మాట. తొంభైల్లో ఉన్నవాళ్ళను చూసుకునే మేం అరవైల్లో ఉన్నాం. నాకు 63, మోకాళ్ళు నాకూ అరిగాయి. ఆయన్ని లేపడానికి వంగి నేను నడుం పట్టించుకున్న రోజులున్నాయి. ఆయన తనంతట తాను లేవడం నా నడుముకి కూడా కావాలి. ఇందులో స్వార్థం లేదని చెప్పను.

చెవి గురించి రాయకపోతే నాన్న ఒప్పుకోడు. "పప్పు వేయనా?" అంటే "కప్పు ఎందుకు?" అనేవాడు. మతిమరుపని మళ్ళీ భయపడ్డాం. ఈ వయసులో ముందు పోయేది సన్నటి శబ్దాలు, అంటే పిల్లల గొంతులు, ఆడవాళ్ళ గొంతులు. అచ్చులు వినిపిస్తాయి, క, త, ప లాంటి హల్లులు జారిపోతాయి. అరిచినకొద్దీ మాట ఇంకా చెదురుతుంది. ఎదురుగా నిలబడి నిదానంగా చెబితే అర్థమవుతుంది. మిషను పెట్టించాక తెలిసిందేమిటంటే, వినిపించడానికి ఇంట్లో మేం తప్ప ఎవరూ లేరు. ఆయన ఫోన్ల డైరీలో షిప్‌యార్డు స్నేహితులవి పాతిక నంబర్లుండేవి. ఇప్పుడు మోగేవి రెండు. ఆ లోటు నేనెంత చేసినా తీరదు. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్ళు ఆపేసే వేళకి వారానికోసారి తీసుకెళ్ళి రామకృష్ణా బీచ్ దగ్గర గట్టు మీద కూర్చోబెడతాను. ఎవరో ఒక డెబ్భై ఏళ్ళ "కుర్రాడు" దొరుకుతాడు. సముద్రం మీద ఆగి ఉన్న ఓడల్ని అతనికి చూపించి ఏ సరుకు ఓడ ఏదో నాన్న చెబుతుంటాడు. సగం తప్పని నా అనుమానం.

ఇంట్లో ఆయనకు పనులు అప్పగించాను. మునగాకు దూయడం, చిక్కుడుకాయలు గిల్లడం, ఆరిన బట్టలు మడతపెట్టడం. కరెంటు బిల్లు కూడా ఆయన శాఖే. మడతలు ఒంకరగా ఉంటాయి. ఆయన చూడకుండా మళ్ళీ మడతపెట్టేదాన్ని, ఒకసారి దొరికిపోయాను. "నా పని నీకు నచ్చకపోతే రాజీనామా ఇచ్చీమంటావా?" అన్నాడు. అప్పట్నుంచి ఒంకర మడతల చీరలే కట్టుకుంటున్నాను. కింద గేటు దగ్గరికి చేపలావిడ వస్తే లిఫ్టులో దిగి నెత్తళ్ళు ఆయనే బేరమాడి తెస్తాడు. ఆవిడ పది రూపాయలు ఎక్కువ చెప్పి, పది రూపాయలు తగ్గిస్తుంది. ఇద్దరికీ తెలుసు.

స్టూలు కాళ్ళకున్న రబ్బరు బుడిపెలు అరిగిపోయాయి, నిన్న కొంచెం జారినట్టనిపించింది. రేపు పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి కొత్తవి తేవాలి. సైజు తనకే తెలుసని, తానూ వస్తానని నాన్న పట్టుపడుతున్నాడు. అక్కడ ఆటో దిగాక ఆ జనంలో ఇరవై అడుగులైనా నడవాలి. ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన మాత్రం చొక్కా తీసి కుర్చీ మీద వేసుకున్నాడు.